బస్తర్ అడవిలో వారం రోజులు నడవాలంటే... దారి ఉందా? అనుమతి ఎవరివ్వాలి?

బస్తర్ పేరు తెలుగు పత్రికల్లో నలభై ఏళ్లుగా ఎక్కువగా కనిపించింది ఎన్‌కౌంటర్ వార్తల్లోనే. 2025 మే నెలలో అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మరణం, అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాల్ లొంగుబాటు, ఆ వెంటనే జగదల్‌పూర్‌లో తక్కళ్లపల్లి వాసుదేవరావు సహా 210 మంది ఆయుధాలు అప్పగించడం, నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో మాడ్వి హిడ్మా మృతి. ఈ వరుస తర్వాత అదే బస్తర్ గురించి మరో రకం ప్రశ్న మొదలైంది. భుజాన సంచి వేసుకుని, గుడారం కట్టుకుని ఆ అడవిలో నాలుగు రోజులు నడిచి రావచ్చా?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక కొస నుంచి మరో కొసకు గుర్తులు పెట్టిన నడక దారి బస్తర్‌లో లేదు. సొంతంగా గీసుకుని నడవడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా, కొన్ని జిల్లాల్లో నేల ఇంకా సురక్షితం కాదు. అయితే జగదల్‌పూర్‌కు దక్షిణాన ఉన్న కాంగేర్ లోయలో, స్థానిక గైడ్లతో, ఊళ్లలో బస చేస్తూ నాలుగైదు రోజులు నడవడం సాధ్యమే. దానికి కావాల్సిన ప్రణాళిక మామూలు ట్రెక్కింగ్ ప్రణాళిక కంటే భిన్నంగా ఉంటుంది.

దారి లేదు, దారులు ఉన్నాయి

సుదూర నడక దారి అనగానే చాలామందికి గుర్తొచ్చేది అమెరికాలోని అపలాచియన్ ట్రైల్. సుమారు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు 1921లో ప్రతిపాదించాడు, 1937 నాటికి పూర్తయింది. 1968లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి దారుల కోసమే ఒక చట్టం చేసింది. దారికి హద్దులు, గుర్తులు, మధ్యలో బసకు చూరు, పాడైతే బాగుచేసే స్వచ్ఛంద బృందాలు, ఇవన్నీ ఆ ఏర్పాటులో భాగం.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. మన అడవుల్లో ఉన్న దారులు వేరే అవసరాల కోసం పుట్టినవి. ఊరి నుంచి సంతకు, సంత నుంచి వాగుకు, వాగు నుంచి పక్క ఊళ్లోని చుట్టాలింటికి. ఇప్పపూలు ఏరడానికి ఒక దారి, తునికాకు కోతకు ఇంకొకటి. బస్తర్‌లో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. బయటివారికి అవి అల్లిబిల్లిగా కనిపిస్తాయి. ఊరివారికి మాత్రం ఏ దారి ఏ నెలలో తెగిపోతుందో కూడా తెలుసు.

ఈ దారుల్లో కొన్ని తెలుగు నేల మీద ముగుస్తాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ, సుక్మా ప్రాంతాల ఊళ్ల నుంచి వేల కుటుంబాలు అడవుల్లో నడుచుకుంటూ నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల వైపు వచ్చాయి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో గొత్తికోయలుగా పిలుస్తున్నది వారినే. ఏటా మిర్చి ఏరడానికి వచ్చేవారూ ఇవే దారులు తొక్కుతారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్య ములుగు జిల్లా నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి బయల్దేరిన 12 ఏళ్ల బాలిక మూడు రోజులు అడవి దారిలో నడిచి, ఇల్లు చేరకముందే ప్రాణం విడిచింది. బస్తర్‌లో సుదూర నడక ఇప్పటిదాకా ఎవరికీ సరదా కాలేదన్నది ప్రణాళిక వేసేవారు మొదట తెలుసుకోవాల్సిన సంగతి.

ఎందుకు కాంగేర్ లోయ?

బస్తర్ డివిజన్‌లో రెండు జాతీయ పార్కులున్నాయి. బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి పార్కు 1983లో టైగర్ రిజర్వ్ అయింది. అడవి దున్నలకు పేరున్న చోటు, కానీ సంఘర్షణ వల్ల దశాబ్దాలుగా అటవీ సిబ్బందే లోపలికి వెళ్లలేని పరిస్థితి. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాల్సిందే.

రెండోది కాంగేర్ లోయ. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. పొడవు సుమారు 34 కిలోమీటర్లు, సగటు వెడల్పు ఆరు కిలోమీటర్లు, అంటే సన్నటి పట్టీ లాంటి అడవి. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో భారత్ చేర్చిన ఆరు స్థలాల్లో ఇదొకటి. తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లు కూడా అదే విడతలో చేరాయి.

ఉత్తరాది నుంచి దిగివచ్చే సాల వృక్షాలు, అంటే గుగ్గిలం చెట్లు, ఇక్కడ టేకుతో కలుస్తాయి. కింద వెదురు, పైకి పాకే అడ్డాకు తీగలు. తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర మెట్లు మెట్లుగా జారే నీరు కాంగేర్ నదిలోకి, అక్కడి నుంచి శబరిలోకి, చివరికి కూనవరం దగ్గర గోదావరిలోకి చేరుతుంది.

ఈ అడవిని 'ముదురు అడవి' అనడంలో అర్థం ఏమిటి? భారత అటవీ సర్వే సంస్థ లెక్కల్లో అలాంటి వర్గమే లేదు. ఆ సంస్థ చెట్ల గొడుగు ఎంత నేలను కప్పిందో చూస్తుంది. 70 శాతం, అంతకు మించితే అతి దట్టమైన అడవి. 40 నుంచి 70 అయితే మధ్యస్థం. 10 నుంచి 40 అయితే పలుచటిది. పాతికేళ్ల తోట కూడా ఈ లెక్కలో దట్టంగా కనిపించవచ్చు. ముదురు అడవిని గుర్తించే తీరు వేరు. అన్ని వయసుల చెట్లూ పక్కపక్కనే ఉంటాయి. నిలబడే ఎండిపోయిన మానులుంటాయి. కూలిన దుంగలు అక్కడే కుళ్లుతుంటాయి. ఒక పెద్ద చెట్టు కూలినచోట ఎండ పడి కొత్త మొలకల గుంపు లేస్తుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరింక గూడు పెట్టేది పాత మానుల తొర్రల్లోనే. చచ్చిన చెట్టును పనికిరానిదని నరికేస్తే ఆ పిట్టకు ఇల్లు పోయినట్లే. కాంగేర్‌లో దీన్ని కాపాడటానికి అటవీ శాఖ స్థానిక యువకులను 'మైనా మిత్ర' పేరుతో పనిలోకి తీసుకుంది.

సాల అడవిని ఒకసారి పోగొట్టుకుంటే తిరిగి పెంచడం చాలా కష్టం. ఆ చెట్టు విత్తనానికి మొలిచే శక్తి వారం, పది రోజులకు మించి ఉండదు. తొలకరి వానతో పాటే రాలి మొలకెత్తాలి. మొలిచిన మొక్క కూడా ఏళ్ల తరబడి ఏటా పైభాగం ఎండిపోతూ, వేరు మాత్రం బలపడుతూ, ఎప్పటికో నిలదొక్కుకుంటుంది. నర్సరీలో పెంచి నాటేద్దాం అనే మాట దీని దగ్గర అంత తేలిగ్గా చెల్లదు.

ఈ అడవి ఎవరి వల్ల మిగిలింది?

పర్యటన బ్రోషర్లలో కాంగేర్ 'మనిషి తాకని అడవి'. చరిత్రలో సంగతి ఇంకోలా ఉంది.

1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండొంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పోడు, వేట, అటవీ ఫలసాయం సేకరణ ఆపాలంది. అప్పటికే కౌలు పెంపు, వెట్టి, వరుస కరువులతో జనం విసిగి ఉన్నారు. రిజర్వేషన్ మొదట అమలైంది కాంగేర్ అడవిలోనే. అక్కడి ధుర్వా తెగవారే ముందుగా కదిలారు. మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. తిరుగుబాటుకు పిలుపు అదే. 1910 ఫిబ్రవరిలో మొదలైన ఈ 'భూమ్‌కాల్'లో సంతలు, అధికారుల ఇళ్లు, పోలీస్ స్టేషన్లు తగలబడ్డాయి. అదుపు తెచ్చుకోవడానికి బ్రిటిష్ సేనలకు మూడు నెలలు పట్టింది. కాంగేర్ అంచున ఉన్న నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధుర్ వారికి ఎప్పటికీ చిక్కలేదు. రిజర్వేషన్ పనులు కొంతకాలం ఆగాయి. రిజర్వు చేయదలచిన విస్తీర్ణం దాదాపు సగానికి తగ్గింది.

స్వాతంత్ర్యం తర్వాతా ముప్పు తప్పలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు కాగితం గుజ్జు కోసం బస్తర్‌లో 4,600 హెక్టార్ల సహజ సాల అడవిని తీసేసి పైన్ చెట్లు నాటాలని ప్రతిపాదించింది. స్థానిక పర్యావరణవేత్తల నిరసన తర్వాతే ఆ పథకం ఆగింది.

కాబట్టి 'తాకని అడవి' అనడం సరికాదు. తాకకుండా పోరాడి నిలబెట్టిన అడవి అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఈ సంగతి ట్రెక్కింగ్ ప్రణాళికకు ఎందుకంటే, నడవడానికి ఎవరి అనుమతి అడగాలన్నది ఇక్కడి నుంచే తేలుతుంది.

అనుమతి: ఒకటి కాదు, రెండు

మొదటిది చట్టం అడిగే అనుమతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి పత్రం లేకుండా బయటివారు వెళ్లకూడదు. సెక్షన్ 27, 28 ఈ సంగతి చెబుతాయి. సెక్షన్ 35 వీటిని జాతీయ పార్కులకూ వర్తింపజేస్తుంది. పర్యటన కోసం అనుమతి ఇవ్వవచ్చు, కానీ అది ఇచ్చిన షరతుల మేరకే. టికెట్ కొని గేటు దాటినంత మాత్రాన రాత్రి లోపల గుడారం వేసుకునే హక్కు రాదు. నిప్పు రాజేయడం నేరం. 2022 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పార్కు హద్దు దాటి రిజర్వ్ ఫారెస్టులోకి వచ్చినా స్వేచ్ఛ లేదు. 1927 నాటి భారత అటవీ చట్టం సెక్షన్ 26 అక్కడ అక్రమ ప్రవేశాన్ని, నిప్పును నిషేధిస్తుంది.

జగదల్‌పూర్‌లోని పార్కు డైరెక్టర్ కార్యాలయానికి ముందుగా లిఖితపూర్వకంగా రాయడం మంచి పద్ధతి. ఎంతమంది, ఏ తేదీలు, ఏ ఊళ్ల మీదుగా, ఎక్కడ బస, ఎవరు గైడ్. ఈ ఐదూ స్పష్టంగా ఉన్న దరఖాస్తుకు జవాబు రావడం తేలిక. 'అడవిలో నడవాలనుకుంటున్నాం' అనే దరఖాస్తుకు జవాబు రాకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండో అనుమతి ఊరిది. అటవీ హక్కుల చట్టం, 2006 కింద గ్రామసభలకు తమ సాముదాయక అడవిని కాపాడే, నిర్వహించే హక్కు ఉంది. 2022లో కాంగేర్ పార్కు లోపలి గుడియాపదర్ గ్రామానికి ఈ హక్కు పత్రం దక్కింది. జాతీయ పార్కు లోపలి ఊరికి అలాంటి గుర్తింపు ఇచ్చిన రాష్ట్రాల్లో ఒడిశా తర్వాత ఛత్తీస్‌గఢ్‌ది రెండో స్థానం. అంటే ఆ ఊరి అడవిలో నడిచేవారు అటవీ శాఖకే కాదు, గ్రామసభకూ అతిథులు.

కొన్నిచోట్లకు అసలు వెళ్లకూడదని ఊరు చెప్పవచ్చు. దేవుడి అడవి, శ్మశానం, జాతర రోజుల్లో మూసే గుట్ట. బైలాడిలా కొండల్లోని నందరాజ్ గుట్ట ఇందుకు పెద్ద ఉదాహరణ. ఆ గుట్టను కొలిచే ఆదివాసీలు 2019 జూన్‌లో 13వ నంబర్ ఇనుప ఖనిజ నిక్షేపం తవ్వకానికి వ్యతిరేకంగా కిరండూల్‌లో వేల సంఖ్యలో బైఠాయించారు. మ్యాపులో ఎత్తైన శిఖరంగా కనిపించేది మరొకరికి గుడి.

నేల కింద ఏముంది?

దక్షిణ బస్తర్‌లో నడక గురించి మాట్లాడేటప్పుడు పులి, పాము కంటే ముందు చెప్పుకోవాల్సింది మందుపాతర. కాలు మోపితే పేలే 'ప్రెషర్ ఐఈడీ'లను మావోయిస్టులు ఏళ్ల తరబడి అడవి దారుల్లో పాతారు. లక్ష్యం భద్రతా బలగాలే అయినా ఇప్పపూలకు, తునికాకుకు, కట్టెలకు వెళ్లిన గ్రామస్థులు, మేతకు వెళ్లిన పశువులూ బలయ్యాయి. సరిహద్దుకు ఇటువైపూ అంతే. 2024లో ములుగు జిల్లా వాజేడు మండలంలో అడవికి వెళ్లిన వ్యక్తి ఒకరు మందుపాతర పేలి మరణించారు. 2025 మే 8న అదే ప్రాంతంలో ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు.

మావోయిజం అంతానికి కేంద్ర ప్రభుత్వం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. తుపాకులకు గడువు పెట్టవచ్చు. నేలలో ఉన్నదానికి ఆ గడువు తెలియదు. లొంగిపోయినవారు పాతిన చోట్లు చూపించగలరు. చనిపోయినవారు చూపించలేరు. అందుకే బీజాపూర్, సుక్మా, నారాయణ్‌పూర్ లోపలి అడవుల్లో సొంత దారి వెతుక్కునే నడక ఈ దశలో సాహసం కూడా కాదు, బాధ్యత లేకపోవడమే. ఏదైనా జరిగితే వెతకడానికి వచ్చేవారి కాళ్లూ ఆ నేల మీదే పడతాయి.

కాంగేర్ పరిస్థితి దీనికంటే మెరుగు. పర్యాటకులు ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. అయినా 2013 మే 25న మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ సహా కాంగ్రెస్ నేతలు హతమైన ఝీరం ఘాటీ ఈ పార్కు పక్కనే ఉందని మరచిపోకూడదు. గైడ్ నడిచిన దారిలోనే నడవడం, చీకటి పడ్డాక కదలకపోవడం, బయల్దేరే ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం ఇక్కడ లాంఛనాలు కావు.

బట్టల విషయం చాలామంది ఊహించరు. ట్రెక్కింగ్ దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి ముదురాకుపచ్చ, మచ్చల సైనిక రంగులే. బస్తర్‌లో ఆ రెండు రంగులకూ రెండు పక్షాల యూనిఫాం అనే అర్థం ఉంది. దూరం నుంచి చూసే ఊరివారినీ, బలగాలనీ భయపెట్టే బట్టలు ఇంట్లోనే వదిలేయాలి. ఎరుపు, నీలం, పసుపు ఏదైనా సరే, దూరానికి పర్యాటకుడని తెలియాలి. భద్రతా శిబిరాల ఫోటోలు తీయకూడదు. డ్రోన్ ఆలోచనే వద్దు.

విదేశాల్లో నడిచి వచ్చిన తెలుగువారు మరో పొరపాటు చేసే అవకాశం ఉంది. అక్కడ ఒంటరి నడకదారులు వెంట తీసుకెళ్లే శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. అలాంటి పరికరాలతో విమానాశ్రయాల్లో విదేశీయులు కేసుల్లో ఇరుక్కున్నారు. బస్తర్‌లో అది దొరికితే వచ్చే అనుమానం వేరే స్థాయిలో ఉంటుంది. సిగ్నల్ లేని చోట దానికి బదులు పాత పద్ధతే దిక్కు. ఏ రోజు ఏ ఊరు చేరతారో రాసిన కాగితం ఇంట్లో ఒకటి, అటవీ శాఖ వద్ద ఒకటి, బస చేసే ఊళ్లో ఒకటి ఉంచాలి.

ఎప్పుడు వెళ్లాలి, నీళ్లెక్కడ?

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. వానాకాలంలో జలపాతాలు అందంగా ఉంటాయి కానీ వాగులు పొంగుతాయి, కోటమ్‌సర్ వంటి గుహల్లోకి నీరు చేరి మూసేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూల కాలం. తెల్లవారకముందే మనుషులూ ఎలుగుబంట్లూ ఒకే చెట్టు కిందకు వస్తారు. బస్తర్‌లో చిరుతకంటే ఎలుగుబంటితోనే జాగ్రత్తగా ఉండాలని ఊరివారు చెప్పేది అనుభవంతోనే. పూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు తగలబెట్టడంతో అడవి మంటలూ అప్పుడే ఎక్కువ.

నీటి లెక్క ఇక్కడ కాస్త తిరకాసు. కాంగేర్ లోయలో చాలా భాగం సున్నపురాయి నేల. వాన నీరు రాతి పగుళ్ల గుండా లోపలికి దిగి, వేల ఏళ్లలో గుహలు తొలిచింది. 1950లలో భూగోళ శాస్త్రవేత్త శంకర్ తివారీ బయటి ప్రపంచానికి తెలిపిన కోటమ్‌సర్ గుహ అలా పుట్టిందే. ఆ చీకట్లో చూపు తగ్గిపోయిన, రంగు వెలిసిన చిన్న చేప ఉంటుంది. అక్కడి ఒక జాతి గుహ కీచురాయికి శాస్త్రవేత్తలు తివారీ పేరే పెట్టారు. నడిచేవారికి దీనర్థం ఏమిటంటే, మ్యాపులో వాగు గీత ఉన్నంత మాత్రాన అక్కడ నీళ్లుంటాయని కాదు. నీరు నేల కింద ప్రవహిస్తూ ఉండవచ్చు. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల లెక్కన ఊరి బోరు దగ్గర నింపుకునే బయల్దేరాలి. పార్కులో నిప్పు పెట్టకూడదు కాబట్టి మరగబెట్టడం కుదరదు. ఫిల్టర్ లేదా క్లోరిన్ మాత్రలు తప్పనిసరి.

భారత సర్వే సంస్థ టోపోషీట్లు 1:50,000 స్కేలులో ఉచితంగా దొరుకుతాయి. కొండ వాలు అర్థం చేసుకోవడానికి అవి పనికొస్తాయి. దారుల కోసం మాత్రం వాటిని నమ్మకూడదు. ఊళ్లు ఖాళీ అయిన చోట దారులూ మాసిపోయాయి.

జ్వరం, పాము

ఛత్తీస్‌గఢ్‌లో మలేరియా భారం ఎక్కువగా ఉన్నది బస్తర్‌లోనే, అందులోనూ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా రహిత బస్తర్' కార్యక్రమంలో జ్వరం లేనివారికీ ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశారు. లక్షణాలు లేకుండానే ఒంట్లో పరాన్నజీవిని మోస్తున్నవారు చాలామంది ఉండటమే కారణం. బయటివారికి ఆ నిరోధకత ఉండదు. ముందుజాగ్రత్త మాత్రల గురించి బయల్దేరడానికి కొన్ని వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, రాత్రి మందు పూసిన దోమతెర. తిరిగొచ్చాక నెలా రెండు నెలల్లో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకుని, బస్తర్ వెళ్లొచ్చామని డాక్టర్‌కు చెప్పాలి. ఇక్కడే చాలామంది వైరల్ జ్వరమనుకుని రెండు రోజులు పోగొట్టుకుంటారు.

పాముల్లో భయపడాల్సింది కట్లపాముకు. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు లేకపోవచ్చు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. మంచం మీద, తెర అంచులు పరుపు కిందకు దోపి పడుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కదలకుండా మోసుకుని జగదల్‌పూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేర్చడమే మార్గం. ఏ రోజు నడకలోనైనా వాహనం వచ్చే రోడ్డుకు రెండు మూడు గంటల దూరంలోనే ఉండేలా దారి ఎంచుకోవాలనడానికి కారణం ఇదే.

ఐదు రోజుల నడక ఎలా ఉండొచ్చు?

ఒకే దారి పట్టుకుని పోవడం కంటే ఒకటి రెండు ఊళ్లలో బస పెట్టుకుని రోజుకో వైపు నడిచి రావడం కాంగేర్‌కు నప్పుతుంది. పార్కులోని ధుడ్‌మరాస్ గ్రామం ఇందుకు అనువైనది. ధుర్వా కుటుంబాలే ఇళ్లలో బస ఇస్తున్నాయి, కాంగేర్ నదిలో వెదురు తెప్పలు నడుపుతున్నాయి. 2024 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి పర్యటక సంస్థ ఉత్తమ పర్యటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంపిక చేసిన 20 ఊళ్లలో ఇదొకటి. ఒక రోజు తీరథ్‌గఢ్ వైపు, ఒక రోజు కోటమ్‌సర్ గుహ, ఒక రోజు మొసళ్లుండే భైంసా దర్హా మడుగు వైపు, ఒక రోజు సంత. సంత రోజు ముందే తెలుసుకుంటే బియ్యం, పప్పు, కూరగాయలు అక్కడే కొనుక్కోవచ్చు. సంచి బరువు తగ్గుతుంది, డబ్బు ఊళ్లో మిగులుతుంది. నగదు, అదీ చిల్లర, దగ్గరుంచుకోవాలి.

మరో రెండు రోజులు చేతిలో ఉంటే దంతెవాడ జిల్లా ఫరస్‌పాల్ దగ్గరి ఢోల్‌కల్ గుట్ట ఎక్కవచ్చు. శిఖరం మీది రాతి వినాయకుడి విగ్రహం 2017 జనవరిలో లోయలో ముక్కలై కనిపించింది. ఆ ముక్కలను ఏరి, అతికించి మళ్లీ అక్కడే నిలబెట్టారు.

మాట విషయంలో తెలుగువారికి కొంత కలిసొస్తుంది. ధుర్వా, గోండి రెండూ ద్రావిడ భాషలే. కోంట వైపు దోర్లా ప్రజల్లో తెలుగు అర్థమయ్యేవారు చాలామందే. సంతల్లో అందరినీ కలిపే భాష మాత్రం హల్బీ. మనుషుల ఫోటోలు తీసేముందు అడగడానికి ఏ భాషైనా చాలు.

కేరళలోని పెరియార్ టైగర్ రిజర్వ్‌లో ఒకప్పటి వేటగాళ్లే గైడ్లుగా 'టైగర్ ట్రైల్' నడుపుతున్నారు. ఒకటి రెండు రాత్రుల బస, వెంట తుపాకీతో ఒక గార్డు, తక్కువ మంది. బస్తర్‌లో నిజమైన సుదూర దారి ఎప్పటికైనా వస్తే ఆ పద్ధతిలో రావడమే మేలు. అమెరికా పద్ధతిలో గుర్తులు కొట్టి ఎవరికి వారు నడిచే దారి ఇక్కడ వేస్తే మొదట నష్టపోయేది ఆ దారుల్లో ఇప్పటికే నడుస్తున్నవారే.

ఆంధ్ర, తెలంగాణ నుంచి చేరడానికి రెండు మార్గాలు. విజయవాడ నుంచి భద్రాచలం, చింతూరు, కోంట, సుక్మా మీదుగా 30వ నంబర్ జాతీయ రహదారి పార్కు పక్క నుంచే జగదల్‌పూర్ చేరుతుంది. పగటిపూట ప్రయాణమే మంచిది. రెండోది విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ వెళ్లే రైలు, యాభైకి పైగా సొరంగాల దారి. ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఈ లైను మీద వానలు వెనకబడిన ఏడాది అక్టోబర్‌లోనూ కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగుతుంటాయి. తిరుగు టికెట్‌కు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి.